కన్ను ఉన్నట్టు ఇమ్యూనిటీకి తెలియదా? శుక్లాల ఆపరేషన్ ముందు వచ్చిన సందేహానికి జవాబు

విజయవాడ పటమట నుంచి ఒకరు అడిగారు. ప్రశ్న క్లుప్తంగా ఇది: "మన రోగనిరోధక వ్యవస్థకి కళ్ళు ఉన్నట్టే తెలియదని, తెలిసిన రోజున వాటి మీద దాడి చేసి గుడ్డివాళ్ళని చేస్తుందని ఒక రీల్‌లో చూశాను. వచ్చే నెల మా అమ్మకి శుక్లాల ఆపరేషన్ ఉంది. కన్ను కోస్తే ఇమ్యూనిటీకి అది దొరికిపోదా? పైగా కరోనా రోజుల నుంచి అమ్మ ఇమ్యూనిటీ మాత్రలు, తిప్పతీగ కషాయం వదలకుండా తీసుకుంటోంది. ఆపించాలా? చాలా టెన్షన్‌గా ఉంది."

నేను గుంటూరులో కంటి డాక్టర్ని. నల్లగుడ్డు మీద పుండ్లు, కంటి లోపలి వాపులు నేను రోజూ చూసే కేసులు. మీరు అడిగిన విషయం నాకు ఓపీలో ఎదురుగా కూర్చునే విషయమే కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు జవాబు. రీల్ చెప్పింది తప్పు. ఆపరేషన్ వాయిదా వేయక్కర్లేదు. ఇమ్యూనిటీకి కన్ను బాగా తెలుసు. రాత్రీ పగలూ దాన్ని కాస్తూనే ఉంటుంది. కాకపోతే కంటి లోపల మాత్రం చెయ్యి ఆపుకుని పని చేస్తుంది. ఒంట్లో మిగతా చోట్ల చూపించే దూకుడు అక్కడ చూపించదు. ఆ నిగ్రహాన్ని ఎవరో అజ్ఞానం అనుకున్నారు. మాత్రలు, కషాయం సంగతి కింద విడిగా చెబుతాను.

రీల్ చేసినవాళ్ళు పూర్తిగా కల్పించారని కూడా అనలేను. వైద్యంలో ఒకప్పుడు దాదాపు ఇలాంటి ఆలోచనే ఉండేది. కంటి లోపలి ప్రోటీన్లు పుట్టినప్పటి నుంచి రక్తానికి దూరంగా దాగి ఉంటాయని, ఎప్పుడైనా బయటపడితే శరీరం వాటిని పరాయివనుకుని మీద పడుతుందని పాత పుస్తకాల్లో రాసేవారు. దానికి సాక్ష్యంగా ఒక జబ్బును చూపించేవారు. పేరు సింపథటిక్ ఆఫ్తాల్మియా. ఒక కంటికి లోతుగా గుచ్చుకునే దెబ్బ తగులుతుంది. కొన్ని వారాలకో నెలలకో, అసలు దెబ్బే తగలని రెండో కన్ను కూడా వాచి చూపు తగ్గడం మొదలవుతుంది. దెబ్బ తిన్న కంటి నుంచి బయటికొచ్చిన ప్రోటీన్లు చూసి రెచ్చిపోయిన తెల్లరక్తకణాలు, అదే ప్రోటీన్లున్న రెండో కంటి మీదా పడతాయన్నమాట.

అంధుల లిపి కనిపెట్టిన లూయీ బ్రెయిలీ 1809లో పుట్టారు. మూడేళ్ళ వయసులో, తోలుపని చేసే తండ్రి పనిముట్టు ఒక కంట్లో గుచ్చుకుంది. అయిదేళ్ళు వచ్చేసరికి రెండు కళ్ళూ పోయాయి. అది సింపథటిక్ ఆఫ్తాల్మియానే అయ్యుండొచ్చని కంటి డాక్టర్లలో చాలామంది అనుకుంటారు.

మన దగ్గర ఇలాంటివి రావా అంటే, వస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే ఒక కుర్రాడు గుర్తున్నాడు. ఇనప రజను ఎగిరి కంట్లో పడింది. మామూలు నలుసే అనుకుని మెడికల్ షాపులో డ్రాప్స్ కొనుక్కుని వేసుకున్నాడు. నిజానికి ఆ ముక్క నల్లగుడ్డును చీల్చుకుని లోపలికి పోయింది. అతను వచ్చేసరికి ఆ కంట్లో మిగిలిందేమీ లేదు. అది కుట్టి పంపాక, రెండు మూడు నెలలకి "డాక్టర్‌గారూ, ఈసారి మంచి కన్ను మసకేస్తోంది, వెలుతురు చూడలేకపోతున్నాను" అంటూ మళ్ళీ వచ్చాడు. పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు, ఆ తరవాత ఇమ్యూనిటీని అణిచే మందులు చాలాకాలం వాడాం. ఆ కన్ను నిలబడింది. ఇప్పటికీ పనికి కళ్ళద్దాలు పెట్టుకునే వెళ్తాడు. ఆటోనగర్‌లో మిగతావాళ్ళలో ఎంతమంది పెట్టుకుంటారో మీకూ తెలుసు.

ఈ కేసు వింటే రీల్ నిజమేననిపిస్తుంది. కానీ ఒక్క ప్రశ్న వేసుకోండి. రీల్ చెప్పినట్టే అయితే కన్ను చీలిన ప్రతి మనిషికీ రెండో కన్ను పోవాలి కదా? పోదు. గుచ్చుకున్న గాయాలు తగిలినవాళ్ళలో ఈ జబ్బు వచ్చేది నూటికి ఒకరికంటే తక్కువమందికి. వచ్చినా ఎక్కువ కేసులు మూడు నెలల్లో, దాదాపు తొంభై శాతం ఏడాదిలోపే బయటపడతాయి. శుక్లాల ఆపరేషన్ తరవాత రావడం ఇంకా ఎంతో అరుదు. దేశంలో ఏటా లక్షల సంఖ్యలో ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. మీ వీధిలోనే చేయించుకున్నవాళ్ళు నలుగురైనా ఉంటారు, వెళ్ళి అడగండి.

మరి కన్ను తెలుసనడానికి రుజువేమిటి?

మొదటిది థైమస్. ఛాతీ ఎముక వెనక ఉండే చిన్న గ్రంథి ఇది. టీ-కణాలనే తెల్లరక్తకణాలకి శిక్షణ అక్కడే జరుగుతుంది. ఒంట్లో ఎక్కడెక్కడి ప్రోటీన్లనో కొంచెం కొంచెంగా అక్కడ తయారుచేసి, "ఇవి మనవి, వీటి జోలికి పోకూడదు" అని ఆ కణాలకి చూపిస్తారు. వాటి మీద గట్టిగా ఎగబడే కణాలను అక్కడే ఏరేస్తారు. ఆ చూపించే వాటిలో రెటీనా, అంటే కంటి వెనక ఉండే చూపు పొర ప్రోటీన్లూ ఉన్నాయి. ఈ పని నడిపించే ఎయిర్ అనే జన్యువును ఎలుకల్లో తీసేస్తే వాటి కంటి లోపల వాపు వస్తుంది. అంటే పాఠం చెప్పనప్పుడే దాడి జరుగుతోంది. రీల్ చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు. కన్ను తెలియడం వల్ల ప్రమాదం రాదు, సరిగ్గా తెలియకపోతేనే వస్తుంది.

రెండోది హెచ్‌ఐవీ. హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు ఇంతగా అందుబాటులోకి రాని రోజుల్లో కంటి ఓపీలో పనిచేసిన ఎవరికైనా ఇది అనుభవమే. సైటోమెగాలో వైరస్ అని ఒకటుంది. మనలో చాలామంది ఒంట్లో చడీచప్పుడు లేకుండా పడి ఉంటుంది. హెచ్‌ఐవీ ముదిరి, సీడీ4 అనే టీ-కణాల లెక్క రక్తపరీక్షలో 50 కంటే కిందికి పడిపోయిన మనిషిలో అదే వైరస్ రెటీనాను తినేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రెటీనాను అది ఎందుకు ముట్టుకోదు? అడ్డుకునే కణాలు కాపలా ఉన్నాయి కాబట్టి. కన్ను ఉన్నట్టే తెలియని వ్యవస్థ ఇన్నేళ్ళూ దాన్ని ఎలా కాపాడింది?

ఇందులో ఇంకో మెలిక ఉంది. అలాంటి రోగికి మందులు మొదలుపెట్టి సీడీ4 పెరిగాక, కొందరికి కన్ను మళ్ళీ వాస్తుంది. తిరిగొచ్చిన తెల్లరక్తకణాలు కంట్లో మిగిలిన వైరస్ ఆనవాళ్ళ మీద పడటం వల్ల వచ్చే వాపు అది. ఇమ్యూనిటీ లేకపోతే ఒక ముప్పు, ఒక్కసారిగా వచ్చిపడితే ఇంకో ముప్పు. మీ ప్రశ్న మొత్తం ఈ రెండింటి మధ్యే ఉంది.

ఇక కాపలా ఎలా జరుగుతుందో చెబుతాను. బయటి నుంచి లోపలికి వెళ్దాం, ఎందుకంటే బయట ఉన్న పద్ధతి వేరు, లోపల ఉన్న పద్ధతి వేరు.

బయట కన్నీరు ఉంది. ఏ సమయంలో చూసినా కంటి మీద ఉండేది ఏడు మైక్రోలీటర్లు, అంటే డ్రాప్స్ సీసా నుంచి పడే చుక్కలో అయిదో ఆరో వంతు. ఆ కాస్త నీళ్ళలో బాక్టీరియా గోడలు చీల్చే లైసోజైమ్, వాటికి ఇనుము అందకుండా చేసే లాక్టోఫెర్రిన్, క్రిములను అంటుకోనివ్వని ఇమ్యునోగ్లోబులిన్-ఏ అన్నీ ఉంటాయి. లైసోజైమ్‌ను అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో లోకానికి చెప్పారు. పెన్సిలిన్‌కి ఆరేళ్ళ ముందు మాట. ప్రయోగాలకు కన్నీళ్ళు చాలక నిమ్మకాయ పిండి మరీ కన్నీళ్ళు తెప్పించేవారట. రెప్ప కొట్టిన ప్రతిసారీ ఆ కన్నీరు పాతది పోయి కొత్తది వస్తుంది.

రాత్రి కన్ను మూసుకున్నాక రెప్ప ఆడదు, గాలి తగలదు. ఆ సమయంలో కన్నీటిలోకి తెల్లరక్తకణాలు పెద్ద సంఖ్యలో చేరతాయి, ఇమ్యునోగ్లోబులిన్-ఏ శాతం పెరుగుతుంది. పొద్దున్నే కంటి మూలలో కనిపించే కొద్దిపాటి పుసిలో రాత్రి డ్యూటీ ముగించిన ఆ కణాలు కూడా ఉంటాయి. కాంటాక్ట్ లెన్సులతో నిద్రపోవద్దని మేం తలబాదుకునేది అందుకే. అవి పెట్టుకుని పడుకుంటే ఈ ఏర్పాటంతా లెన్సు బయటే ఆగిపోతుంది, నల్లగుడ్డుకు ఆక్సిజన్ తగ్గుతుంది, క్రిములు లెన్సు కింద ఇరుక్కుంటాయి. పుండు పడే అవకాశం ఆరు రెట్లకు పైగా పెరుగుతుందని లెక్కలున్నాయి. హాస్టళ్ళలో ఉండే ఆడపిల్లలు పరీక్షల ముందు ఇలాగే వస్తారు.

నొప్పి కూడా కాపలాలో భాగమే. నల్లగుడ్డు పైన ఉండే పారదర్శకమైన పొర కార్నియా. ఒంట్లో నరాల కొసలు అంత దట్టంగా ఉన్న చోటు మరొకటి దొరకడం కష్టం. మా గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) దించేవాళ్ళనీ, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ళనీ చూడండి, సీజన్లో కళ్ళు ధారలు కడుతుంటాయి. "కారానికి కళ్ళు పోతాయా సార్?" అని అడుగుతారు. కారంలోని క్యాప్సైసిన్ మంటను మోసే నరాలను రెచ్చగొడుతుంది, నీళ్ళు తెప్పిస్తుంది. మామూలుగా అంతవరకే. ఆ నీళ్ళే దుమ్మునీ కారాన్నీ కడిగేస్తాయి. నష్టం చేసేది కారం అంటిన చేత్తో నులమడం. నులిమితే పైపొర గీరుకుంటుంది. ఆ గీతలోంచే క్రిములు దిగుతాయి. నేను నిజంగా భయపడేది మంట తెలియని కంటికి. నల్లగుడ్డు మీద హెర్పిస్ వచ్చి స్పర్శ పోయిన రోగులు పుండుతోనే తాపీగా వచ్చి కూర్చుంటారు, నొప్పేమీ లేదంటారు.

ఇప్పుడు లోపలికి.

గాజుల కొట్లో దొంగ దూరాడనుకోండి. పోలీసులు లోపలికెళ్ళి లాఠీచార్జి చేస్తే దొంగ దొరుకుతాడేమో కానీ కొట్టు మిగలదు. కంటి లోపల ఇమ్యూనిటీ పరిస్థితి ఇదే. చర్మం మీద పుండైతే చీము పడుతుంది, మానుతుంది, మచ్చ మిగులుతుంది, మనం పట్టించుకోం. కార్నియా మందం అర మిల్లీమీటరు. అందులో కొల్లాజెన్ పోగులు వరసలు తప్పకుండా పేర్చి ఉండబట్టే వెలుతురు సాఫీగా పోతుంది. అక్కడ మచ్చ పడితే దాన్నే మనవాళ్ళు కంట్లో పువ్వు అంటారు. కార్నియా అడుగున నీళ్ళు తోడే కణాలు, వెనక రెటీనాలో చూపు కణాలు ఒకసారి పోతే మళ్ళీ పుట్టవు. కాబట్టి లోపల గొడవ పెద్దది కాకూడదు.

దీనికి శరీరం చేసుకున్న ఏర్పాట్లు చాలానే ఉన్నాయి. కార్నియాలో రక్తనాళాలే లేవు, కావలసిన ఆక్సిజన్ ఎక్కువగా గాలి నుంచే తీసుకుంటుంది. రెటీనా రక్తనాళాల గోడలు కణాలు సులువుగా దూరలేనంత బిగువుగా ఉంటాయి. నల్లగుడ్డు వెనకున్న నీటిలో టీజీఎఫ్-బీటా లాంటి పదార్థాలు నిరంతరం ఉంటూ, అక్కడికొచ్చే తెల్లరక్తకణాల వేగాన్ని తగ్గిస్తాయి. రెచ్చిపోయి వచ్చిన టీ-కణాలు తమంతట తామే చచ్చిపోయేలా చేసే ఫాస్ లిగాండ్ అనే అణువు కంటి కణాల మీద ఉంటుంది. రెటీనాలో మైక్రోగ్లియా అనే సొంత కాపలా కణాలున్నాయి, అవి శుభ్రం చేసే పనిలోనే ఎక్కువగా ఉంటాయి.

అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించేది ఒకటుంది. ఎలుక కంటి ముందు గదిలోకి ఒక పరాయి ప్రోటీన్ ఎక్కిస్తే, కంట్లోని కణాలు దాన్ని పట్టుకుని రక్తంలోంచి ప్లీహానికి చేరతాయి. అక్కడ "ఈ ప్రోటీన్ కనిపిస్తే తగ్గి ఉండండి" అని చెప్పే టీ-కణాలు తయారవుతాయి. అదే ప్రోటీన్‌ను ఆ తరవాత చర్మం కిందికి ఎక్కించినా మామూలుగా వచ్చేంత వాపు రాదు. స్ట్రైలీన్ అనే శాస్త్రవేత్త బృందం 1970ల నుంచి దీని మీద పనిచేసింది. కన్ను దాక్కుంటే ఇలా జరగదు. కన్నే ముందుకొచ్చి ఒళ్ళంతటికీ నిగ్రహం నేర్పుతోంది.

ఈ సంగతి మీద మొదటి గట్టి అడుగు పీటర్ మెడావర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తది. 1948లో ఆయన కుందేళ్ళ మీద చేసిన ప్రయోగాల్లో, వేరే కుందేలు చర్మం ముక్కను కంటి లోపల పెడితే, ఒంటి మీద అతికించినట్టు వెంటనే తిరస్కారానికి గురి కాలేదు. దీనికి ఇమ్యూన్ ప్రివిలేజ్ అని పేరొచ్చింది. కంటికున్న మినహాయింపు అనుకోండి. ఆ పేరే తరవాత చేతులు మారి, చివరికి "ఇమ్యూనిటీకి కన్ను తెలియదు" అనే రీల్ అయిందని నా అనుమానం.

ఈ మినహాయింపు వల్ల మనకు దక్కిన మేలు నేత్రదానం. కిడ్నీ మార్చాలంటే బ్లడ్ గ్రూపు, టిష్యూ మ్యాచింగ్, జీవితాంతం మందులు. కార్నియా మామూలు కేసుల్లో అవేవీ చూడకుండా మార్చేస్తాం. రక్తనాళాలు పాకని కంట్లో మొదటిసారి వేసిన కార్నియా ఏడాది తరవాత నూటికి తొంభై మందిలో బాగానే ఉంటుంది, అదీ ఎక్కువగా డ్రాప్స్‌తోనే. ప్రపంచంలో మొదటి సఫలమైన కార్నియా మార్పిడి 1905లో జరిగింది. అప్పటికి ఇమ్యూనిటీని అణిచే మందు ఒక్కటీ లేదు. అదే పుండు మాని రక్తనాళాలు పాకిన కార్నియా అయితే కథ మారిపోతుంది. ఆ దారిలో కణాలు నేరుగా వచ్చేస్తాయి, తిరస్కారం పెరుగుతుంది.

ఖర్చు లేకుండా ఏదీ రాదు. చెయ్యి ఆపుకునే చోట క్రిములు కూడా తలదాచుకుంటాయి. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా రోగులకు సేవ చేస్తూ ఒక అమెరికన్ డాక్టర్‌కి ఆ జబ్బు సోకింది. కోలుకున్నారు, రక్తంలో వైరస్ లేదు, ఇంటికి పంపారు. కొన్ని వారాలకి కన్ను వాచింది. సూదితో కంటి నీరు తీసి చూస్తే అందులో వైరస్ ఉంది. ఆయన నీలి కన్ను కొంతకాలం ఆకుపచ్చగా మారిపోయింది కూడా. తరవాత చూపు తిరిగొచ్చింది.

మన పొలాల్లో దీని రూపం వేరు. కోతలప్పుడూ నూర్పిళ్ళప్పుడూ వరి ఆకు కోసుకుందనో, గింజ ఎగిరి తగిలిందనో వస్తారు. తెనాలి, బాపట్ల వైపు నుంచి ఎక్కువ. ఆ ఆకుతోపాటు ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు లోపలికి దిగుతుంది. తెల్లరక్తకణాలు వస్తాయి, బూజును చంపడానికి ఎంజైములు వదులుతాయి, ఆ ఎంజైములే కార్నియానీ కరిగిస్తాయి. శత్రువు సగం, మనవాళ్ళు సగం కలిసి చేసే నష్టం అది. సమయానికి వస్తే నాటమైసిన్ చుక్కలు గంట గంటకీ వేసి చాలా కళ్ళు నిలబెట్టగలం.

సమయానికి రారు. ముందు ఊళ్ళో ఎవరో నాలుకతో నలుసు తీస్తారు. నందివర్ధనం పూలు పెడతారు, అవి చల్లగా అనిపిస్తాయి, అంతే. ఆముదం, ఉల్లిరసం, తల్లిపాలు కూడా అయ్యాక మెడికల్ షాపుకి వెళ్తారు. అక్కడ ఇచ్చే ఎర్రదనం తగ్గే డ్రాప్స్‌లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఎందుకంటే స్టెరాయిడ్ మన కణాలను కూర్చోబెడుతుంది. మంట, ఎరుపు తగ్గుతాయి. ఆ సందులో బూజు లోపలికి పాకుతుంది. దెబ్బ తగిలిన కంట్లో, డాక్టర్ చూడకుండా స్టెరాయిడ్ చుక్క పడకూడదు. ఈ వాక్యం ఒక్కటి మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, ఆ రీల్ బదులు.

అలాగని స్టెరాయిడ్‌ను విలన్‌ని చేయొద్దు. క్రిమి ఏదీ లేకుండానే ఇమ్యూనిటీ నిగ్రహం తప్పే జబ్బులున్నాయి, వాటిని యువైటిస్ అంటాం. వాటికి మొదటి మందు స్టెరాయిడే. ఎర్రకన్ను, వెలుతురు పడకపోవడం, మసక అంటూ పాతికేళ్ళ కుర్రాడు వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న "పొద్దున్నే లేవగానే నడుం పట్టేస్తుందా?" అని. కన్నుకీ నడుముకీ ఏం సంబంధమని వింతగా చూస్తారు. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువున్నవాళ్ళలో వెన్నెముక, కన్ను రెండూ వాచే జబ్బు ఉంది. మన దేశంలో టీబీ వల్లా యువైటిస్ వస్తుంది కాబట్టి, ఇమ్యూనిటీని అణిచే మందు మొదలుపెట్టే ముందు టీబీ లేదని తేల్చుకోవడం మాకు అలవాటు.

2023 జూలై, ఆగస్టుల్లో మన రెండు రాష్ట్రాల్లో కళ్ళకలక ఊళ్ళకు ఊళ్ళను చుట్టేసింది గుర్తుందా? చాలామందికి వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గింది. తగ్గించింది వాళ్ళ ఇమ్యూనిటీయే. అడినోవైరస్ రకం కళ్ళకలకల్లో కొందరికి ఎరుపు పోయాక నల్లగుడ్డులో చిన్న చిన్న తెల్ల చుక్కలు మిగిలి నెలల తరబడి మసకేస్తుంది. ఆ చుక్కలు వైరస్ మిగులు మీదికొచ్చి చేరిన మన కణాలే.

ఇప్పుడు మీ అమ్మగారి దగ్గరికి వద్దాం.

శుక్లాల ఆపరేషన్‌లో పెట్టే కోత రెండు మూడు మిల్లీమీటర్లు. ఎక్కువగా కార్నియా అంచున, రక్తనాళాలు లేనిచోట. లోపల మసకబారిన కటకాన్ని చిన్న ముక్కలుగా చేసి తీసి, దాని సంచీలోనే కొత్త లెన్సు పెడతారు. కటకం ప్రోటీన్లు కంట్లోకి చిమ్మితే వాపు రావడం నిజమే. బాగా ముదిరిపోయిన శుక్లం దానంతట అదే కారి కన్ను ఎర్రబడి వచ్చేవాళ్ళను ఇప్పటికీ చూస్తున్నాం. అంటే "ఇమ్యూనిటీకి దొరుకుతుందేమో" అని ఆపరేషన్ ఆపితే, ఆ ప్రమాదమే పెరుగుతుంది. మామూలుగా జరిగే ఆపరేషన్‌లో ముక్కలన్నీ బయటికి తీసేస్తారు, మిగిలే కాస్త వాపుకి నాలుగు నుంచి ఆరు వారాలు స్టెరాయిడ్ చుక్కలు తగ్గించుకుంటూ వేయమంటారు.

మీరు భయపడాల్సింది ఏదైనా ఉంటే అది ఇన్‌ఫెక్షన్. లోపల కాపలా సున్నితమని చెప్పాను కదా, అక్కడికి బాక్టీరియా దిగితే తట్టుకునే శక్తి తక్కువ. అరుదే కానీ వస్తే చాలా వేగంగా చూపు పోతుంది. అందుకే ముందు కంటి మూలలో సన్నని సూదితో నీళ్ళు కొట్టి "గొంతులోకి వచ్చాయా అమ్మా?" అని అడుగుతారు. కన్నీటి సంచిలో చీము ఉంటే అది తేలకుండా ఆపరేషన్ చేయరు. కోతకు ముందు క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్ చుక్కలు వేస్తారు, చివర్లో కంటి లోపలికి యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోమంటారు, ఈ మాట మాత్రం నిజంగా వినండి. ఇమ్యూనిటీ మాత్రలకంటే షుగర్ అదుపు కంటికి వంద రెట్లు మేలు.

మాత్రల మాట. విటమిన్ సి, జింక్ బిళ్ళలు కంటి మీద దాడి చేయించవు. నిజం చెప్పాలంటే అవి ఇమ్యూనిటీని అంతగా పెంచవు కూడా. సరిగా తినేవాళ్ళకి వాటితో ఒరిగేదీ తక్కువే, పోయేదీ తక్కువే, డబ్బులు తప్ప. ఇమ్యూనిటీ బ్రేకులు నిజంగా తీసేసే మందులు వేరే ఉన్నాయి. క్యాన్సర్‌కి ఇచ్చే ఇమ్యూనోథెరపీ ఇంజెక్షన్లు అలాంటివి. అవి తీసుకునేవారిలో కొద్దిమందికి యువైటిస్ వస్తుంది. చ్యవనప్రాశను వాటితో పోల్చుకుని టెన్షన్ పడకండి.

తిప్పతీగ విషయంలో నాది వేరే అభిప్రాయం. కరోనా కాలంలో అది వాడిన కొందరికి లివర్ దెబ్బతిన్నట్టు 2021లో ముంబై డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదనలోకి వెళ్ళను కానీ, ఏళ్ళ తరబడి రోజూ తాగాల్సిన అవసరం నాకు కనిపించదు. ఆపరేషన్ చేసే డాక్టర్‌కీ, మత్తు డాక్టర్‌కీ ఇవన్నీ దాచకుండా చెప్పండి. అమ్మగారికి గతంలో యువైటిస్ వచ్చి ఉన్నా, కీళ్ళవాతం లాంటి వాటికి ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడుతున్నా మాత్రం కషాయం ఇప్పుడే ఆపి, ముందు డాక్టర్‌తో మాట్లాడండి. యువైటిస్ వచ్చినవాళ్ళకి కన్ను మూడు నెలలైనా వాపు లేకుండా ప్రశాంతంగా ఉన్నాకే ఆపరేషన్ చేస్తాం.

ఆపరేషన్ అయ్యాక మొదటి వారం గమనించండి. కాస్త గరగర, నీళ్ళు కారడం మామూలే. నొప్పి పెరుగుతున్నా, నిన్నటికంటే ఈరోజు చూపు తగ్గినా, ఎరుపు ఎక్కువవుతున్నా, రాత్రయినా సరే అదే రోజు వెళ్ళండి. నొప్పి బిళ్ళ వేసి పొద్దున్న చూద్దామనుకోవద్దు, ఇన్‌ఫెక్షన్ విషయంలో ఆ ఒక్క రాత్రే తేడా చేస్తుంది. మీరు విజయవాడలోనే ఉన్నారు కాబట్టి దూరం పెద్ద సమస్య కాకూడదు.

డ్రాప్స్ వేసేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. సారికి ఒక్క చుక్క చాలు, రెండోది ఎలాగూ చెంప మీదికి కారిపోతుంది. రెండు రకాల మందులుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగండి. కన్ను బాగుంది కదా అని స్టెరాయిడ్ చుక్కలు మధ్యలో మానేయొద్దు, చెప్పిన గడువు దాటి సొంతంగా పొడిగించనూ వద్దు, కంటి ప్రెషర్ పెరుగుతుంది. కోర్సు అయ్యాక మిగిలిన సీసాను పారేయండి. ఫ్రిజ్ తలుపులో పెట్టి, రేపు పక్కింటివాళ్ళ అబ్బాయికి కన్ను ఎర్రబడితే "మా అమ్మకి ఇదే వేశారు" అని ఇవ్వకండి.